కొసరుకో కాలమ్

మొన్న మద్దిలపాలెంలో పాల బూత్ ముందు నిలబడి, అర లీటరు ప్యాకెట్టు అందుకుని, "కొసరేదీ?" అని అడిగాను.

బూత్ లోపలి మనిషి నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి బూత్ రేకు సొట్టపడాల్సింది. "ప్యాకెట్టుకి కొసరేటి బాబూ? మిసను సీలేసి పంపినాది. ఇంకో ప్యాకెట్టు మూల కొరికి నీకు పొయ్యమంటావేటి?" అన్నాడు. నా వెనక క్యూ ఆనందపురం దాకా ఉంది. అందులో సగం మంది నవ్వారు. మిగతా సగం, "ఓ బావా, పాలు ఇరిగిపోతాయి, బేగి కదులు" అన్నారు.

కదిలాను. సిగ్గుపడలేదు. పడే వయసు దాటింది; పైగా ఆ రోజు అడిగింది నా కోసం కాదు. అంతకు నాలుగు రోజుల ముందు మా పాత ఆఫీసు మనిషొకాయన బస్ డిపో దగ్గర కనిపించి, ఒకప్పుడు మాతో పనిచేసినావిడ పోయి మూడు నెలలైందని చెప్పాడు. పేపర్లో పడలేదు. జెండాలేవీ కిందికి దిగలేదు. ఆ రోజు పోర్టులో సైరన్ మోగే ఉంటుంది గానీ, అది షిఫ్టు మారినందుకు. ఆవిడ పేరు మీద ఈ ఊళ్ళో ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట కొసరు అడగకపోతే మర్యాదగా ఉండదనిపించింది. పాల ప్యాకెట్టు చేతికి దొరికింది, అడిగాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడే ఒప్పుకోదు. మా వారపు షీట్లలో ఎవరి పేరూ రాసే ఆచారం లేదు. కొట్టుకో నంబరు ఉంటుంది, అంతే. "పేరు రాస్తే మనిషి జాగ్రత్తపడతాడయ్యా. నంబరైతే నిజం చెబుతాడు" అనేది.

ఆవిడ ఉద్యోగం ధరలు రాయడం. వారానికోసారి బజారుకెళ్ళి, బియ్యం ఎంత, కందిపప్పు ఎంత, చేపలెంత, కిరసనాయిలెంత అని రాసుకురావాలి. దాన్ని నేను టైపు చెయ్యాలి. మా ఆఫీసరు సంతకం పెట్టాలి. షీటు హైదరాబాదు వెళ్ళాలి. అక్కడ పెద్దలు దాన్ని చూసి, ఏ జిల్లాకి ఎప్పుడు ఎంత బియ్యం చౌక దుకాణాలకి వదలాలో నిర్ణయించాలి. కాగితం మీద ఏర్పాటు ఇదీ. నిజంలో ఆ షీటు హైదరాబాదులో ఎవరి టీ గ్లాసు కింద తడి పీల్చేదో భగవంతుడికి కూడా మెమో ఇచ్చి అడగాలి.

ఆఫీసు వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద ఉండేది. పోర్టులో ఇనుప ఖనిజం ఓడకెక్కేటప్పుడు లేచే ఎర్ర దుమ్ములో సగం జపాను వెళ్ళేది, మిగతా సగం మా ఫైళ్ళ మీదికొచ్చేది. ఒక్కో ఫైలు దులిపితే ఒక మేకు చేయించుకోవచ్చు. నా టైపు మిషను చప్పుడుకి డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ రెండుసార్లు ఆరిపోయిందని చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లో ఉంది. దాని పేరు చెప్పి పెరిగిన ఇంటద్దెలు మాత్రం అప్పటికే మూడో అంతస్తుకి చేరాయి. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి దిగిన జనంతో ఊరు ఉబ్బిపోతోంది. ఆవిడా అలా, వాళ్ళకన్నా ముందే, కృష్ణా జిల్లా నుంచి వచ్చినావిడే. ఇరవయ్యేళ్ళు ఇక్కడి ఉప్పుగాలి తగిలినా ఆ యాస తుప్పుపట్టలేదు.

మనిషి సన్నం. సంచీ లావు. ఆ సంచీలో ఒక పోర్టు క్రేను పెట్టినా, పక్కన గొడుక్కి చోటుండేది. అందులో షీట్ల కట్టా, అడుగు కొలబద్దా, ఎర్ర సిరా పెన్నూ, ఎక్కడ కూర్చుంటే అక్కడే తినడానికి అటుకులూ ఉండేవి. నడిచేటప్పుడు కుడిచెయ్యి గుప్పిట మూస్తూ, తెరుస్తూ ఉండేది. చూసినవాళ్ళు నరాల జబ్బనుకునేవారు. నేనూ అనుకున్నాను, మొదటి ఏడాది.

ఆవిడ దగ్గర ఒక మాట ఉండేది: "అడిగితే చెప్పేది ధర కాదయ్యా, మర్యాద." కొట్టువాడు సర్కారు మనిషికి ఒక రేటు చెబుతాడు, సంచీ పట్టుకొచ్చిన మనిషికి ఇంకోటి చెబుతాడు. అందుకని ఆవిడ అడిగేది కాదు. బేరానికొచ్చిన దానిలా వరసలో నిలబడి, ముందున్నవాళ్ళకి ఏం జరుగుతోందో చూసేది. చూసేదంటే ఏమనుకున్నారు, కొంగ చేపను చూసినట్టు చూసేది. కొట్టువాడి మొహం వైపు కాదు, చేతి వైపు.

ఆ చెయ్యి చూడటంలోనే ఉంది కథంతా.

బియ్యం తూచి సంచీలో పోశాక, షావుకారు గోనెలో చెయ్యిపెట్టి ఓ గుప్పెడు తీసి పైన వేస్తాడు. అది కొసరు. కూరలమ్మి రెండు రెబ్బల కరివేపాకు పడేస్తుంది. చేపలమ్మి ఓ పిల్లచేప విసురుతుంది. ఎవరూ లెక్కలో రాయరు, అమ్మేవాడూ రాయడు, కొనేవాడూ రాయడు. ఆవిడ రాసింది. బజారులో సరుకు బిగుసుకోబోతుంటే ముందు తగ్గేది కొసరేనని కనిపెట్టింది. "ధర పెంచితే నలుగురూ గొడవచేస్తారు. కొసరు తగ్గిస్తే ఎవరికీ చెప్పుకోలేరు. అందుకని ముందు చెయ్యి బిగుస్తుంది, మూడు వారాలకి నోరు మారుతుంది."

షీటులో సరుకు, రకం, తూకం, ఈ వారం ధర, పోయిన వారం ధర అని అయిదు కాలమ్‌లు అచ్చేసి ఉండేవి. ఆవిడ కొలబద్ద పెట్టి, ఎర్ర సిరాతో ఆరోది గీసింది. పైన "కొసరు" అని రాసింది. కింద ఒక్కో కొట్టుకీ: పూర్తి గుప్పెడు, సగం గుప్పెడు, చిటికెడు, నవ్వు, లేదు. నవ్వు అంటే, కొసరు అడిగితే షావుకారు చెయ్యి కదపకుండా పళ్ళు చూపించాడని. బజారు ఆరోగ్యం గురించి ఇంత కచ్చితమైన కొలత అర్థశాస్త్రం పుస్తకాలన్నీ పేర్చి వాటి మీదెక్కి వెతికినా దొరకదు.

మా మేడ మెట్ల కింద నూకాలమ్మ అనే ఆవిడ చేపల గంప పెట్టుకుని కూర్చునేది. ఆమె గొంతుకి ఓడలు దారి తప్పేవి. మా ఆఫీసావిడ గంప దగ్గర ఆగగానే మొదలుపెట్టేది.

"ఓలమ్మా, రాతమ్మ వొచ్చీసినాది. ఏటి రాతమ్మా, సేపలు కొంటావా, పేపరు నింపుకుంటావా?"

"రెండూ."

"కొసరేత్తే ఏటి రాత్తావ్?"

"వేశావని రాస్తా."

"ఏయకపోతే?"

"వెయ్యలేదని రాస్తా."

"అమ్మో. అయితే ఏసీదాన్ని. గవర్నమెంటు కాడ నా పరువు పోకూడదు కదేటి" అని రెండు పిల్లచేపలు విసిరేది.

మా ఆఫీసావిడ ఆ రెంటినీ తీసి మళ్ళీ గంపలో వేసేసేది. "ఇది లెక్కకి రాదే నూకాలూ. రాసేదాన్ని నాకిచ్చేది కొసరు కాదు, లంచం. నా ముందు నిలబడ్డ మనిషికి ఇచ్చిందే కొసరు."

"లంచమంట. పిల్లసేపలకి జెయిలేత్తారేటి?" అని నూకాలమ్మ నావైపు చూసేది. నేను ఆ రెండు చేపలూ నాకిస్తే ఎంత మాత్రం అభ్యంతరం లేదని కళ్ళతో చెప్పేవాణ్ణి. ఎప్పుడూ ఇవ్వలేదు.

మా ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయన తన నీడ మీద కూడా ఇనిషియల్ వేసి, తేదీ రాసి గానీ అడుగు ముందుకెయ్యడు. అచ్చు ఫారం మీద ఎర్ర గీత చూసిన రోజు ఆయనకి చెమటలు పట్టి, ఫ్యాను కింద ఆరేసరికి మధ్యాహ్నమైంది.

"ఇదేవిటమ్మా, ఫారం ప్రభుత్వానిది. మీరు గీతలు గీస్తే ఎలా?"

"ఫారంలో చోటు లేదండీ, అందుకని గీశాను."

"గుప్పెళ్ళు కొలిస్తే ఎలాగండీ? ఒకడి చెయ్యి పెద్దది, ఒకడిది చిన్నది. ఈ గుప్పెడూ ఆ గుప్పెడూ ఎలా కలుపుతాం?"

ఈ ప్రశ్న బాగానే ఉందని నాకూ అనిపించింది. ఆవిడ తడుముకోలేదు. "కలపొద్దు. అదే కొట్టు, అదే చెయ్యి, ప్రతి వారం చూడండి. నలభయ్యేళ్ళొచ్చిన షావుకారు చెయ్యి ఇక పెరగదుగా, తరగదుగా. గుప్పెడు తగ్గిందంటే తగ్గింది చెయ్యి కాదు."

ఆయన పెన్సిలుతో కాలమ్ కొట్టేశాడు. మరుసటి వారం మళ్ళీ గీసింది. మళ్ళీ కొట్టేశాడు. ఇది ఎన్ని వారాలు సాగిందంటే, ఆయన పెన్సిళ్ళ ఇండెంటు చూసి హైదరాబాదు నుంచి "మీ ఆఫీసులో బడి నడుపుతున్నారా" అని వాకబు వచ్చింది. చివరికి ఆయన తెలివిగా, ఆవిడ షీటు ఆవిడ దగ్గరే ఉంచి, కాలమ్ లేకుండా ఫెయిర్ కాపీ టైపు చేసి పంపమని నాకు చెప్పాడు.

ఇక్కడే నేనొక పని చేశాను. ధైర్యంతో చేశానని రాసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ అసలు సంగతి బద్ధకం. ఒక వారం ఆవిడ షీటు కింద ఎర్ర సిరాతో ఇలా రాసింది: "వన్ టౌన్‌లో చూసిన అన్ని కొట్లలోనూ బియ్యం కొసరు ఆగింది. మూడు వారాల్లో ధర ఎగురుతుంది. చౌక దుకాణాలకి బియ్యం ఇప్పుడే వదలాలి." చదువుకుంటూ టైపు చేస్తే ఏది వదలాలో తెలిసేది. చదవకుండా టైపు చేశాను. కాలమ్, కింది మూడు ముక్కలూ అన్నీ ఎక్కేశాయి. ఆఫీసరుగారు ఎప్పటిలా చదవకుండా సంతకం పెట్టాడు. హైదరాబాదు ఎప్పటిలా చదవకుండా ఫైలు చేసింది. ఒక్క మనిషి చూసి రాసిన ముక్క, ముగ్గురం చూడకుండా దాటించాం.

మూడు వారాలకి బియ్యం ధర గాలిపటం ఎగిరినట్టు ఎగిరింది. చౌక దుకాణాల్లో బియ్యం లేవు. హమాలీల ఇళ్ళల్లో గంజి పలచబడింది. నూకాలమ్మ పిల్లలకి చేపలు పెట్టి బియ్యం దాచుకుంది. కొనుక్కునేవాళ్ళు లేక చేపలు మిగిలాయి మరి. ఇది "ఊహించని పెరుగుదల" అని పైనుంచి ప్రకటన వచ్చింది. ఆ ఊహించకపోవడానికి కారణాలు వెతకమని ఎవరో పెద్దాయన ఆర్డరేస్తే, హైదరాబాదులో గుమాస్తాలు పాత షీట్లు దులిపారు. విశాఖపట్నం షీటు బయటపడింది. ముందే రాసి ఉంది.

మీరూ నేనూ అయితే, ఆ మనిషిని పిలిచి కుర్చీ వెయ్యాలనుకుంటాం. ప్రభుత్వం మెమో ఇచ్చింది.

ఆ మెమో టైపు చేసింది నేనే. ఈసారి చదువుతూ టైపు చేశాను. ఆవిడ రాసిన మూడు ముక్కలూ అక్షరం పొల్లుపోకుండా కోట్ చేసి, "ధర పెరుగుదల మీకు ముందుగా ఎలా తెలిసినది? వర్తకులతో మీకు గల సంబంధమేమి? సంజాయిషీ తెలుపవలెను" అని ఉంది. తప్పు రాస్తే ఇచ్చే మెమోలు చూశాను, ఒప్పు రాస్తే ఇచ్చింది అదే మొదటిది. ఆఫీసరుగారు దాని వెంట ఇంకో కాగితం కూడా పెట్టాడు. ఆయన దయే అది. "పై వ్యాఖ్య పొరపాటున రాయబడినది" అని ఒక్క వాక్యం, కింద సంతకానికి చుక్కల గీత.

"సంతకం పెట్టెయ్యండమ్మా. మెమో ఇక్కడితో పోతుంది. లేకపోతే మిమ్మల్ని బజారు పని నుంచి తీసేస్తారు. విచారణకి పైనుంచి మనిషి వస్తున్నాడు."

"నేను రాసింది పొరపాటు కాదండీ. మీరు చదవకపోవడం పొరపాటు. దానికి ఇంకో కాగితం టైపు చేయించండి, మీరు పెడితే పక్కన సాక్షి సంతకం నేను పెడతా."

ఆయన మళ్ళీ ఫ్యాను కింద ఆరాల్సి వచ్చింది.

ఆ వచ్చినాయన తెల్ల సఫారీ సూట్ వేసుకొచ్చాడు. ఆ ఎర్ర దుమ్ములో ఆ సూట్ తెల్లగా పదిహేను నిమిషాలు నిలబడింది, ఊరి రికార్డు అది. ఆయన కొసరు కథంతా విని నవ్వాడు.

"అంటే మీరు వర్తకుల చేతులు చూసి భవిష్యత్తు చెబుతారు. హస్తసాముద్రికం. ప్రభుత్వం హస్తసాముద్రికం మీద బియ్యం వదలదమ్మా."

"మరి దేని మీద వదులుతోందండీ? ధర పెరిగాక పేపర్లో చదివి?"

నేను మిషను వెనక దాక్కున్నాను. ఆయన లేచాడు. "సరే. నేనే స్వయంగా వెళ్ళి, ఎవరికీ తెలియకుండా పరీక్షిస్తాను" అన్నాడు.

ఎవరికీ తెలియకుండా. తెల్ల సఫారీ, మెరిసే బూట్లు, వెనక మా ఆఫీసరు, ఆయన వెనక నేను, నా వెనక ఆవిడ. మెట్ల కింద నూకాలమ్మ మమ్మల్ని చూసి గంప నెత్తికెత్తుకుంటూ, "ఏటి బాబూ, పెళ్ళి సూపులకా?" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, తనకీ బియ్యం కావాలని మా వెంటే నడిచింది. మేం బియ్యం కొట్టు చేరేలోపే మా కబురు కొట్టు చేరింది. పెద్దాయన ఒక కిలో బియ్యం అడిగాడు. బేరం కూడా చెయ్యలేదు. వన్ టౌన్‌లో బేరం చెయ్యకుండా కొనేవాడు ఆఫీసరన్నా అవ్వాలి, పిచ్చివాడన్నా అవ్వాలి. షావుకారు కిలో తూచి సంచీలో పోసి, పైన ఒక గుప్పెడేశాడు. ఇంకోటేశాడు. మూడోది రెండు చేతులతో వేశాడు. సంచీ మూతి బిగియనంది.

పెద్దాయన ఆవిడ వైపు తిరిగి, "ఏవమ్మా, కొసరు ఆగిందన్నారు?" అని జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. పక్కనుంచి చూశాను: కొసరు పుష్కలం.

ఆవిడ నూకాలమ్మ వైపు చూసి తల ఊపింది. నూకాలమ్మ గంప దించి, కొంగు ముడి విప్పి, "బాబూ, నాకూ కిలో ఎయ్యి" అంది. షావుకారు తూచాడు. ముల్లు అటు మొగ్గితే, గోటితో నాలుగు గింజలు వెనక్కి తీశాడు. నా లెక్క ప్రకారం అయిదు, కానీ కోర్టులో నిలబడదు.

"కొసరేయవేటి బాబూ?" అంది నూకాలమ్మ.

షావుకారు నవ్వాడు. పళ్ళు చూపించాడు, చెయ్యి కదపలేదు.

"సూసినారా దొరా," అని నూకాలమ్మ పెద్దాయనతో అంది, "నెల దాటీసినాది, కొసరు మొగం సూసి. నీకు మూడు గుప్పిళ్ళేసినాడు. నీ ఇంట్లో తినీవోళ్ళు నా ఇంట్లోకన్నా ఎక్కువమందేటి?"

అప్పుడు మా ఆఫీసావిడ నోరు విప్పింది. గొంతు పెంచలేదు. "అయ్యా, మీ సంచీలో ఉన్న కొసరు మీది కాదు. ఈ బజారులో ఇలాంటివాళ్ళకి ఎగ్గొట్టిందంతా పోగేసి మీకిచ్చారు. దాన్ని పుష్కలం అని రాసుకుని హైదరాబాదు తీసికెళ్ళండి. అక్కడ బియ్యం వదిలేవాళ్ళు అది చదివి నిద్రపోతారు. ఆ రాసేది మీరు రాసుకోండి. నేను మాత్రం రాయను."

ఆయన మొహం ఎర్రబడింది. దుమ్ము కూడా కొంత కారణం. సంచీ చేతిలో పట్టుకోలేకా, వదల్లేకా మోసుకుంటూ వెనక్కి నడిచాడు. తర్వాత మా ఆఫీసుకొచ్చి ఆ చుక్కల గీత కాగితం మళ్ళీ ముందుకు తోశాడు. "ఒక్క మనిషికి కొసరు ఇవ్వకపోతే అది సమాచారం కాదు. సంతకం పెట్టండి, మీ పని మీకుంటుంది."

ఆవిడ కాగితం మడిచి, ఆయన బియ్యం సంచీ మూతి బిగియకుండా తెరుచుకుని ఉంటే, అందులో గుచ్చింది. "గింజలు కారిపోతున్నాయండీ. దీంతో మూసుకోండి" అంది.

బజారు పని పోయింది. ఆవిడకి నా పక్కన టేబుల్ వేసి, ఫైళ్ళకి నంబర్లు వేసే పని ఇచ్చారు. షీట్లన్నీ కొసరు కాలమ్ లేకుండా నాచేత మళ్ళీ టైపు చేయించి, ఇక్కడివీ హైదరాబాదులోవీ మార్చేశారు. ఆవిడ ఎర్ర సిరా షీట్లు ఆఫీసరుగారు స్వయంగా తగలబెట్టించాడు. బూడిద మీద ఇనిషియల్ వెయ్యలేదని నా అనుమానం. బజారుకి కొత్త మనిషి వెళ్ళేవాడు. వెళ్ళి అడిగి, చెప్పింది రాసుకుని, గంటలో వచ్చేసేవాడు. వన్ టౌన్‌లో అంత చవకగా ఎప్పుడూ లేదు.

ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం ఆఫీసు వదిలాక సంచీ పట్టుకుని కూరలకి వెళ్ళేది. ఇంటావిడ కూరలకి వెళ్ళకూడదని మెమో ఇచ్చే అధికారం ఇంకా ఏ ప్రభుత్వానికీ రాలేదు. వరసలో నిలబడేది. ముందున్నవాళ్ళకి ఏం పడుతోందో చూసేది. ఆ చూసిందంతా బుర్రలోనే దాచేది. ఉదయం వచ్చి నా మిషను పక్కన కూర్చుని, గుప్పిట మూసి, సగం తెరిచి, "కందిపప్పు ఇవాళ ఇంత" అని చూపించేది. నాకు మాత్రమే. నేను రాష్ట్ర ప్రభుత్వంలా మొహం పెట్టి, "గమనించడమైనది" అనేవాణ్ణి. నవ్వేది. ఆ నవ్వులో మాత్రం కొసరుండేది.

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. ఆఫీసరుగారు ఫోను ఎత్తి, లేచి నిలబడి, మా టేబుళ్ళ వైపు చూసి, రిసీవర్ చేత్తో మూసి, "మిమ్మల్నేనమ్మా" అన్నాడు. అవతల సఫారీ పెద్దాయన. లైను ఎంత బాగుందంటే ఆయన మాటలు మాకూ, కింద నూకాలమ్మకీ, పక్క వీధిలో సైకిలు షాపుకీ వినిపించాయి.

"అమ్మా, ఒక మాట. ఊరికే అడుగుతున్నాను. ఆఫీసు సంగతిగా కాదు. అక్కడ బియ్యానికి ఆ... ఆ పైన వేసేది ఎలా ఉంది?"

ఆవిడకి అది చాలు, "కాగితం మీద అడగండి" అని పెట్టెయ్యడానికి. నేనైతే పెట్టేసి, ఆ సంగతి నెల రోజులు టీ కొట్టులో చెప్పుకునేవాణ్ణి. ఆవిడ అలా చెయ్యలేదు. కింద నూకాలమ్మ గొంతు వినిపిస్తోంది.

"దాన్ని కొసరంటారండీ. పది రోజుల నుంచి చిటికెడు. నిన్న నాలుగు కొట్లలో నవ్వు. రెండింటిలో నవ్వూ లేదు. వదలండి బియ్యం. ఈ వారమే."

"మీ పూచీ మీదనేనా?"

"నా పూచీ మీదనే. నా పేరు రాసుకోండి." పేరు విడమరచి, ఒక్కో అక్షరం గట్టిగా చెప్పింది. ఆ పేరు ఆయన రాసుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆ శుక్రవారానికి చౌక దుకాణాల ముందు లారీలు ఆగి, బియ్యం బస్తాలు దిగడం మాత్రం నా కళ్ళతో చూశాను. ధర ఎగరలేదు. రెండు వారాలకి షావుకారు చెయ్యి మళ్ళీ గోనెలోకి వెళ్ళింది. అధికారుల దూరదృష్టి వల్ల కొరత తప్పిందని ప్రకటన వచ్చింది.

అది వచ్చిన రోజు ఆఫీసరుగారు ఆవిడ టేబుల్ దగ్గరికి స్వయంగా నడిచొచ్చాడు. చేతిలో పాత మెమో. ఆయన మొహంలో అంత మెత్తదనం నేను అంతకుముందు చూడలేదు.

"పైనుంచి మాట వచ్చిందమ్మా. సంతకం గొడవ కూడా వద్దన్నారు. ఇది చింపేద్దాం. అసలు ఇవ్వనట్టే. వచ్చే వారం నుంచి మీ బజారు మీకు."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "చింపకండి."

"అదేవిటమ్మా? ఇది మీ మీద అభియోగం."

"అవునండీ. నా షీట్లు తగలబెట్టారు. టైపు కాపీలు మార్చేశారు. ఫోనులో చెప్పింది గాల్లో పోయింది. బియ్యం కొసరు ఆగింది, ధర పెరుగుతుంది, ఇప్పుడే వదలండి అని నేను ముందే రాసినట్టు ఈ ప్రభుత్వంలో ఎక్కడన్నా ఉందంటే ఈ మెమోలోనే ఉంది. ఇది చింపితే నేనేమీ రాయనట్టే. రేపు నా తర్వాత ఇంకెవరో ఆ కాలమ్ గీస్తే, ఇలా మునుపు ఒకరు గీశారని చూపించుకోవడానికి ఏం ఉంటుంది?"

"పెన్షన్‌కి అడ్డం వస్తుందమ్మా. అభియోగం పెండింగ్‌లో ఉంటే కాగితాలు కదలవు."

"రానివ్వండి."

ఆయన మెమో టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని నావైపు జరిపింది. "అబ్బాయ్, దీనికి నకళ్ళు తియ్యి. ఒక్క కాగితాన్ని నమ్మలేం. ఈ ఆఫీసులో చెదలు కూడా పర్మనెంటే."

మిషను ఎంత మందం పడితే అంత మందం పెట్టాను, ఏడు కాగితాలూ మధ్యన కార్బన్లూ. మీటలు వేళ్ళతో కాదు, మోచేతులతో కొట్టాను. అయినా ఏడో కాపీకి వచ్చేసరికి అక్షరాల పోలికలు మిగిలాయి గానీ అక్షరాలు మిగల్లేదు. ఆవిడ ఒక్కో కాపీ అందుకుని, "మెమో అందినది" అని రాసి సంతకం పెడుతూ వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ చుక్కల గీత మీద పెట్టించలేకపోయిన సంతకం, వరసగా ఆరుసార్లు పడింది.

ఏడోది నేను పక్కన పెట్టబోయాను. "ఇందులో ఏమీ కనబడటం లేదండీ" అన్నాను.

"ఇటివ్వు" అంది. మొదటి కాపీ పక్కన పెట్టుకుని, పెన్ను తీసుకుని, "బియ్యం కొసరు ఆగింది" దగ్గర్నుంచి ఒక్కో అక్షరం మీద నెమ్మదిగా దిద్దుకుంటూ వెళ్ళింది. పూర్తయ్యాక, కింద సంతకం పెట్టింది.